మోకాలి బరువు

నైట్ డ్యూటీ దిగి నార్సింగి స్టాపులో నిలబడితే
సర్వీసు రోడ్డు నిండా గొర్రెలు.
నీళ్ళ ట్యాంకరు ఆగింది, పాల వ్యాను ఆగింది,
కారులో ఒకాయన హారన్ మీంచి చెయ్యి తియ్యడు.
గొర్రెలకు ఆ మోత పట్టలేదు.
నాలుక మడిచి ఒకడు చేసే "డుర్ర్ర్... హేయ్" ఒక్కటే
వాటికి వినబడుతోంది.

మైసయ్యది మక్తల్ అవతల ఏదో ఊరు.
వాళ్ళ నాయన మంద తోలుకొచ్చిన కాలంలో
ఇక్కడ జొన్న చేలట.
ఇప్పుడు అద్దాల మేడల సందున
కోర్టు కేసులో ఉన్న ఖాళీ జాగాలు వెతికి
"ఈ స్థలం అమ్మబడదు" బోర్డు కింద మొలిచిన గడ్డి మేపుతాడు.

ఆ పొద్దు ఒక గొర్రెను కిందపడేసి
మెడ మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు.
గిట్ట సందున పుండు, పుండులో పురుగులు.
తుమ్మ ముల్లుతో ఒక్కొక్కటే తీసి
వేపనూనెలో కర్పూరం నూరి పోస్తున్నాడు.
అది తన్నింది. అతని మోచేతి మీద తోలు లేచింది.
"ఆగవే బొల్లీ, నీ తల్లి కడుపు సల్లగుండ,
అయిపాయె... ఇగ అయిపాయె..."

నేను వంగి దాని కంట్లోకి చూశాను.
పుండు దానికి కనబడదు. నూనె కనబడదు.
అక్కడ పడి ఉన్న దానికి
ఆకాశమంతా ఆ మోకాలే.

రాత్రి ఏడో నంబరు పడక మీది ముసలాయన
గొంతులో గొట్టం పీకేసుకోబోతే
రెండు చేతులూ మంచానికి కట్టేశాను.
మాట రాదుగా, కళ్ళతోనే తిట్టాడు.
తెల్లారేదాకా ఆ చేతుల పక్కనే కూర్చున్నాను.
ఆ సంగతి ఆయనకు తెలీదు.

"జియాగూడ మండికి తోలవా వీటిని?"
ఎందుకడిగానో. కొంచెం కసితోనే అడిగాను.
మూడేళ్ళ కింద నా కడుపులోది నిలవని రోజు
దేవుడి పటాన్ని గోడ వైపు తిప్పిపెట్టినదాన్ని.

మైసయ్య చేతులు ఇసుకలో రుద్దుకున్నాడు.
"తోల్తనమ్మా. అబద్ధమెందుకు?
మనిషిని, నాకూ కడుపున్నది.
అమ్మిన దినం గొంగడి కప్పుకున్నా నిద్ర రాదు.
అమ్ముకోనోడు ఒక్కడుంటడు గద,
గాయన్నే మల్లన్న అంటం."

అంటూనే లేచి మంద వైపు చూశాడు.
వేళ్ళు మడవలేదు, పెదాలు కదపలేదు.
"ఒకటి తక్కువున్నది."
"ఎట్లా తెలుసు?"
"పన్ను ఊడితే నాలుకకు తెల్వదా?"

ఊళకట్టె నా చేతిలో పెట్టి
"జర సూడు సిస్టరమ్మా" అని
సెల్లారు కోసం తవ్విన గుంతలోకి దిగిపోయాడు.

భుజాన హ్యాండ్‌బ్యాగు, మెడలో ఐడీ కార్డు,
నూట నలభై గొర్రెలు, నేను.
బస్సు వచ్చింది. కండక్టరు నవ్వాడు. బస్సు పోయింది.
ఒక పొట్టేలు రోడ్డు వైపు అడుగేస్తే
నాకే తెలియకుండా నోట్లోంచి "డుర్ర్" అని వచ్చింది.
అది ఆగలేదనుకోండి,
కుక్కే పరుగెత్తి మళ్ళేసింది.

చాలాసేపటికి పైకొచ్చాడు.
మోకాళ్ళ దాకా సిమెంటు బురద,
గొంగడిలో పిల్ల.
దాని గుండె అతని చొక్కాను లోపల్నుంచి కొడుతోంది.
ఏమీ అనలేదు దాన్ని. చెవి మాత్రం కొంచెం మెలిపెట్టి
తల్లి కిందకు వదిలాడు.

బొల్లి అప్పటికే మేస్తోంది,
కుంటుతూ, అన్నీ మరిచిపోయి.

ఇంటికెళ్ళి పటం తిప్పలేదు.
వెనకవైపు పట్టిన బూజు దులిపి
కాసేపు అక్కడే నిలబడ్డాను,
మూడేళ్ళుగా నా మెడ మీదున్న బరువు
రాయి కాదేమో,
మోకాలేమోనని.