పన్నెండు పడకలు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
మౌనానికి ఇల్లు కట్టి చూడమని
ఎవరూ అనలేదు. అని ఉంటే
సెప్టిక్ ట్యాంకు సంగతి కూడా చెప్పి ఉండేవారు.

పోర్చుగల్ ఉత్తరాన, కొండల వెనక
(ఆ సీమ పేరుకు అర్థమే కొండల వెనక అని)
పిల్లలు కరువై మూతబడిన బడిని
వేలంలో పాడుకున్నాను.
నల్లబల్ల, పదహారు బెంచీలు,
చూరులో గబ్బిలాల కాపురం,
అన్నీ కలిపే ధర.

మొదటి ఏడాది రాళ్లతోనే సరిపోయింది.
మేస్త్రీ అబీలియు మాటకు పిసినారి, సున్నానికి దాత.
రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి
నచ్చకపోతే నా వైపు చూసేవాడు,
దాన్ని నేనే కన్నట్టు.
పలకరాళ్ల కప్పు వేస్తూ ఒకరోజు అడిగాడు:
"ఇంతకీ జనం వచ్చి ఏం చేస్తారిక్కడ?"
"ఏమీ చెయ్యరు. ఊరికే కూచుంటారు."
చాలాసేపు సుత్తి ఆడలేదు.
"మరి ఆరు మరుగుదొడ్లు ఎందుకు?"

వచ్చారు. లిస్బన్ నుంచి, లియోన్ నుంచి,
ఫోన్లు బుట్టలో వేసి, బూట్లు గుమ్మంలో విడిచి
కళ్లు మూసుకున్నారు.
తేనె పట్టినవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా అంటారు.
నాకు దక్కింది
బాయిలర్ దగ్గు, పంపు మొరాయింపు,
తీగ మీద ఆరకముందే వాన తడిపే
ఇరవై నాలుగు దుప్పట్లు.

వంటకు జుల్మీరా కుదిరింది. డెబ్బై రెండేళ్లు.
ఈ బడిలోనే నాలుగో తరగతి దాకా చదివింది.
తలుపు సందులోంచి హాల్లోకి తొంగిచూసి
"కిటికీ నుంచి మూడోది, ఆ నీలం చాప ఉన్నచోటు,
అది నాది" అంది.
"మాట్లాడితే కణుపుల మీద స్కేలు దెబ్బ.
అప్పుడు ఉచితంగా నోరు మూయించేవారు.
ఇప్పుడు డబ్బు కట్టి మూసుకుంటున్నారా?"
క్యాబేజీ తరుగుతూ నవ్వింది, నవ్వుతూనే ఉంది,
సూపులో ఉప్పు రెండుసార్లు పడింది.
మౌనవ్రతం కదా, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మూడో ఆగస్టులో కొండ అంటుకుంది.
అతిథుల్ని మధ్యాహ్నమే బస్సెక్కించాను.
సాయంత్రానికి కింది దారి మూసేశారు.
రాతి గోడలు, రాతి కప్పు, పెరట్లో నిండు తొట్టి
ఉన్నది బడికే. ఊరంతా అక్కడికే నడిచొచ్చింది.
ఒకడి చంకలో మేకపిల్ల.
ఒకామె భుజాన ఎండబెట్టిన పందికాలు మొత్తంగా,
పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.
లైసెన్సు పన్నెండు పడకలకు.
ఆ రాత్రి ముప్పై ఒక్కరు, కుక్కలు గాక.

'దయచేసి నిశ్శబ్దం' అన్న బోర్డుకి
ఎవరో టోపీ తగిలించారు.
పేకాట, తొండి, తొండి మీద తగువు,
నలభై ఏళ్ల నాటి గట్టు తగాదా మళ్లీ మొదటినుంచి.
కిటికీల్లో కొండ ఎర్రగా.
ఎవరూ అటు చూడడం లేదు, అందరికీ తెలుసు.

అబీలియు గోడకి చెయ్యి ఆనించి
నాతో కాదు, గోడతోనే అన్నట్టు:
"ఇది మా అమ్మ కళ్లంలోది.
ఇది మా పొయ్యి పక్కది. కూలిన ఇంటి రాళ్లు
ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా."
బిల్లులో లేవవి.
మూడేళ్లుగా నేను లెక్క చూసిన ఏ కాగితంలోనూ లేవు.

తెల్లారుజామున గాలి మళ్లింది.
బూడిద, అన్నిటి మీదా సమానంగా.
జుల్మీరా నీలం చాప మీద, కిటికీ నుంచి మూడోది,
గోడకి చేరగిలబడి, నోరు తెరిచి,
హాయిగా గురక.

దుప్పట్లు నాలుగు వాయిలు ఉతికినా పొగ వాసన వదల్లేదు.
అక్టోబరులో ఒకాయన, మౌనంలో ఉన్నాడేమో,
చీటీ మీద రాసిచ్చాడు:
ఈ ధూపం ఎక్కడ దొరుకుతుంది?
చాలాసేపు పట్టుకు నిలబడ్డాను.
తర్వాత దాని వెనకే రాసుకున్నాను:
పంపు వాల్వు. సబ్బు. ఉప్పు.