అడ్డపట్టీ

గోడ గీయడమంటే నాకు రెండు క్లిక్కులు:
ఇక్కడ మొదలు, ఇక్కడ ఆఖరు.
ఆరువందల మిల్లీమీటర్లకొకటి చొప్పున
స్టడ్‌లు వాటంతటవే మొలుచుకొస్తాయి.
కిటికీ పెడితే అక్కడివి తప్పుకుంటాయి,
పక్కవి రెండు జతకట్టి
నెత్తిన హెడర్ మోస్తూ నిలబడతాయి.
నేలకి జాయిస్టులు, కప్పుకి ట్రస్సులు.
సోహార్ ఎండ నా తెరలో లేదు.
ఉన్నదల్లా నీడలు చూపించు, చూపించకు అనే బొత్తాం.

మధ్యాహ్నం పని ఆపే వేళ
సైటు నుంచి రాజలింగం ఫోను.
"మేడమ్, పొద్దుగాల కొల్చిన ట్రాకు
ఇప్పుడు జరంత పెరిగింది.
ఇనుము గూడ పానమున్నట్టే చేస్తది.
మీ బొమ్మల గట్ల చూపెడ్తదా?"

చూపెట్టదు.

"ఇంకో మాట," అని ఆగాడు.
వెనక ఎవరో పష్తోలో నవ్వుతున్నారు,
సీసాలోకి నీళ్లు పడుతున్న చప్పుడు.
"ఈ క్యాంపు తయారైనంక మేమే ఉంటమంట ఇండ్ల.
నాకు పద్నాలుగో రూము రాసిండ్రు, మీది మంచం.
ఆ గోడకు జిప్సం బోర్డు.
మొల కొడితే పొడి రాల్తది, మొల చేతిలకొస్తది.
పాత క్యాంపుల ఏడేండ్లు
అంగీ మంచం కోడుకే తగిలేసిన.
ఆడ లోపట ఒక అడ్డపట్టీ పెట్టుండ్రి."

ఏడేండ్లు అన్న మాటని
అతనేమీ ఒత్తి పలకలేదు.

పద్నాలుగో గది తెరిచాను.
ఆరు మంచాలు, నేనే లైబ్రరీలోంచి ఈడ్చుకొచ్చినవి,
కాపీ, పేస్ట్, అద్దంలో తిప్పి మళ్లీ పేస్ట్.
దుప్పటి ముడత కూడా ఆరింటికీ ఒకటే.

స్టడ్‌కీ స్టడ్‌కీ నడుమ
ఐదువందల యాభై తొమ్మిది ముక్క,
నేల నుంచి రెండువేల ఎత్తున.
ఒక గోడకి పెట్టాక చెయ్యి ఆగలేదు.
నలభై గదులకీ పెట్టాను.
ఇనుము లెక్క పెరిగింది.

పరిశీలించే ఇంజినీరు నస్రా అల్ బలూషీ
ఎర్రగీతతో దాని చుట్టూ మబ్బు గీసి అడిగింది:
ఈ ముక్క దేనికి? మోసే బరువెంత?

పట్టికలో గాలికి గడి ఉంది, భూకంపానికి ఉంది,
ఏడాదికి రెండుసార్లు కురిసే వానకి కూడా ఉంది.
ఖాళీ గడి ఒకటి చూసుకుని టైపు చేశాను:
ఒక చొక్కా. తడిది.

మధ్యాహ్నమంతా జవాబు లేదు.
టీ చల్లారిపోయింది, నేను కప్పు ట్రస్సుల్లోకి పోయి
అక్కర్లేని బోల్టులు లెక్కపెట్టాను.
సాయంత్రానికి మబ్బు విడిపోయింది.
దాని కింద ఇంకో ముక్క, పన్నెండువందల ఎత్తున,
ఆమె గీసిందే. పక్కన ప్రశ్న:
మరి కింది మంచం మనిషి?

ఆ ముక్కలు మిషన్ నుంచి దిగినప్పుడు
ఒంటి మీద నల్లసిరాతో గది అంకె ఉంది.
నిన్న బోర్డు కప్పేశారు.
ఇక అది ఎక్కడుందో కంటికి తెలీదు,
వేలి కణుపుతో తట్టి వినాలి.

రాజలింగం ఫోన్ గోడకానించి వినిపించాడు:
బోలు.
బోలు.
బోలు.
ఇగో, ఈడ.