చల్లార్చేవాడు

నా పని చల్లార్చడం.
హాంబర్గ్‌లో, కిటికీల్లేని నేలమాళిగలో
బీరువాలంత యంత్రాలు బారులు తీరి కాగుతుంటాయి.
వాటి వెన్నులోంచి నీళ్ళు పారిస్తాను.
పోయేటప్పుడు ముప్పై రెండు డిగ్రీలు, వచ్చేటప్పుడు నలభై ఒకటి.
ఆ తొమ్మిది డిగ్రీలే నా జీతం.

పై అంతస్తులో వీబ్కె హార్మ్‌సెన్‌కి కావలసింది వేడి.
అయిదు కోట్ల ఏళ్ళ కిందటి వేడి.
ఇంకా ఎదగని హిమాలయాలు,
అడవులున్న అంటార్కిటికా,
గాలిలో బొగ్గుపులుసు వాయువు ఇంత అని ఒక లెక్క.
అన్నీ లోపల పెట్టి, మీట నొక్కి, ఆరింటికి ఇంటికెళ్తుంది.
తెల్లారేలోగా ఆ లోకంలో ముప్పై ఏళ్ళు గడుస్తాయి.
నాకు రెండు టీలు.

మూడు నెలలైంది. ధ్రువం గడ్డకడుతూనే ఉంది.
జనవరిలో మైనస్ పదకొండు.
ఆమె బల్ల మీద ఒక ఫొటో:
ఆర్కిటిక్ అడుగున తోడిన బురదలో దొరికిన పుప్పొడి,
తాటిజాతి చెట్టుది.
"ఇంత చలిలో ఇది పూయదు, ఫోల్కెర్ట్.
తప్పు యంత్రానిదైనా కావాలి, నాదైనా కావాలి."
వెంట్రుక మందం లేని ఆ నలుసు ముందు
అన్ని టన్నుల ఇనుము
బోనులో నిలబడ్డట్టుంది.

నాకు తెలిసింది పంపులు. అయినా ఉండబట్టక అడిగాను:
నెలల తరబడి చీకట్లో
చెట్టుకి దుప్పటి కప్పిందెవరు?
"మబ్బేమో," అంది.

అది నాకు తెలుసు.
ఎల్బే ఒడ్డున మా యాపిల్ తోటలో, ఏప్రిల్ రాత్రుల్లో
అమ్మ పదేపదే బయటికొచ్చి తలెత్తేది.
చుక్కలు కనబడితే నోటికొచ్చినట్టు తిట్టేది, పూత మాడిపోతుందని.
మబ్బు కమ్మితే బూట్లతోనే పడుకునేది.

"కానీ మబ్బు మా గడిలో పట్టదు," అంది వీబ్కె.
"భూమిని వంద కిలోమీటర్ల గళ్ళుగా కోస్తాం.
మబ్బు అంతకన్నా చిన్నది.
దాన్నొక అంకె చేసి కూర్చోబెడతాం. ఊహించి."

నవంబరులో ఆ అంకె మార్చింది.
అప్పటి గాలిలో మన పొగల్లేవు,
మబ్బులో నీటిబొట్లు లావుగా ఉండాలంది.
నా నీళ్ళు మాత్రం నలభై ఒకటే.
లోపల లోకం కాగినా గడ్డకట్టినా
యంత్రానికి పట్టదు, పైపుకి పట్టదు.

డిసెంబరులో ఓ పొద్దున, కోటైనా విప్పకుండా మెట్లు దిగొచ్చింది.
"జనవరిలో ప్లస్ ఆరు."
చెయ్యి కలిపాను. మంచుముద్దలా ఉంది.
నవ్వుతుందనుకున్నాను.
"ఇదే మబ్బుని మన కాలంలో పెట్టి చూశాను," అంది,
అక్కడితో ఆగి, తిరిగొచ్చే పైపు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది ఎటు పోతుంది?"
పక్క వీధి ఈతకొలనుకి.
మంగళవారం బడిపిల్లలొస్తారు.
"ఎంత వేడి పంపుతావు?"
వాళ్ళకి చాలినంత, అన్నాను. మిగిలింది కప్పు మీంచి వదిలేస్తాం.

చాలాసేపు చెయ్యి తియ్యలేదు.