వేలిముద్ర

మూడొంతెనల దగ్గర ఆటో ఇరుక్కుపోయింది.
"అక్కా, నీళ్ళు పోయినయ్" అంది కెజియా,
పక్కింటి బిందె ఒలకబోసినట్టు మొహం పెట్టి.

నిన్న సాయంత్రం దాకా ఏటుకూరు రోడ్డులో
కోల్డు స్టోరేజీ నీడన తొడిమలు తీసింది.
కిలోకింత.
తొమ్మిదో నెలకు వేరే రేటు లేదు.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే కుర్రాడు వేలు పెట్టమన్నాడు.
మిషను ఎర్రగా మెరిసి, కాదంది.
బొటనవేలు. చూపుడువేలు. మళ్ళీ బొటనవేలు,
చీరకు తుడిచి, తల నూనె కాస్త రాసి,
నొప్పి వస్తే ఆగి, పోగానే మళ్ళీ.
ఆరేళ్ళ తేజ కాయల మంట
గీతలన్నీ నాకేసింది.
"ఇట్లయితే డబ్బులు పడవమ్మా" అన్నాడు.
చెడ్డవాడేం కాదు. మా వెనక నలభై మంది ఉన్నారు.

లేబర్ రూములో మంచానికిద్దరు.
నర్సమ్మ అరిచింది, తిట్టింది,
తిడుతూనే కెజియా నడుం కింద చెయ్యి పెట్టి
గంటసేపు తియ్యలేదు.
ఇదీ రాయాలి.
గవర్నమెంటాసుపత్రిని తిట్టే వాళ్ళెవరూ
ఆ చెయ్యి సంగతి చెప్పరు.

ఆడపిల్ల. రెండు కిలోల ఆరొందలు.
కాలికి ఇంకు పూసి కేసు షీటు మీద అద్దారు.
ఎన్ని గీతలో!
పైసా ఖర్చు లేదు,
ఆయమ్మ చేతిలో పెట్టిన వంద తప్ప.
దానికి రసీదుండదు.

మర్నాడు ఇంకో కాగితం వచ్చింది.
"ఇద్దరయ్యారుగా, ఆపరేషను చేయించేసుకో."
ఆ కాగితం మీద నాకూ కొంత వస్తుంది,
దాచడమెందుకు.
ఇంకు డబ్బా మూత తీసి
కెజియా బొటనవేలు నేనే పట్టుకున్నాను.
వేలు నల్లబడ్డాక అడిగింది:
"మొన్న నేను నేను కాదన్నారుగా.
ఇయ్యాళ ఎట్లయ్యానక్కా?"

నాకు నవ్వు రాబోయి ఆగింది.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ప్రత్తిపాడు బడిలో క్యాంపు.
బెంచీలు కలిపి పడుకోబెట్టారు.
చెంప కింద చెక్క మీద ఎవరో పిల్లాడు
పిన్నుతో గీకిన ఎక్కం:
ఏడెనిమిదులు యాభై ఆరు.
మత్తెక్కేదాకా అదే చదివాను.
నన్నెవరూ ఏమీ అడిగినట్టు గుర్తు లేదు,
ఆ లెక్క తప్ప.

"జక్కరయ్యకు చేస్తారంటగా, కుట్టు కూడా లేకుండా?"
అంది కెజియా.
"బస్తాలు మోసేవాడు గదే" అన్నాను.
ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.
ఆమె ఏమీ అనలేదు.
పాపను ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకు మార్చింది.

కాగితం నా సంచిలోనే ఉంది,
మడత మీద సగం వేలి మరకతో.
గీత ఒక్కటీ లేని నున్నటి మరక,
ఎవరిదైనా కావచ్చు.

గురువారం సంగడిగుంట వెళ్ళాలి.
పాప బరువు చూడాలి. కాపర్-టీ, సూది, మాత్రలు,
ఆయనకు చేసేదీ, అన్నీ చెప్పాలి.
చెప్పడం నాకు పదిహేనేళ్ళుగా వచ్చు.
అడగడం ఎట్లాగో
దారిలో ఆలోచించుకోవాలి.