సుబియాలో మొదటి రాత్రి

జుమ్మా మార్కెట్లో మూడు దీనార్లకు
జిప్పు తెగిన గుడారం.
పిన్నీసులు పెట్టి సర్దినాడు ఓబులేసు.
మేకులకు సైటులో పారేసిన రాడ్డు ముక్కలు,
పరుపుకు ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె.
మస్తాను వ్యాను పెట్రోలుకు తలా పావు దీనారు.
అదీ బాకీ పెట్టినాడు చెన్నయ్య.

అవతల కువైటోళ్ళ డేరాలో
జనరేటరు, సోఫాలు, టీవీలో ఫుట్‌బాలు.
మా దగ్గర నూనె డబ్బా పొయ్యి,
ఖుబ్బూసు, ఇంటినుంచొచ్చిన చెనిగ్గింజల పొడి.

గాలి రెండుసార్లు గుడారాన్ని పడేసింది.
మూడోసారి ఎవరూ లేపలేదు,
దాన్నే కప్పుకున్నాం.

రూములో ఎనిమిది మందిమి.
పై మంచమోడు కదిలితే
కింద మంచమోడికి కల చెదిరిపోతాది.

మస్తాను మాత్రం వ్యాను చాటున
ఇసకలో పడుకొని
నిద్దట్లో కాళ్ళు బారజాపినాడు.

ఎవరికీ తగల్లేదు.