జిట్రేగి మడమ

మేనమామ దినాలైన తెల్లారి
గోనెసంచిల చుట్టి తెచ్చిచ్చిండ్రు తుపాకి.
తాడ్వాయి జిట్రేగి కర్ర,
దస్తగిరి మిస్త్రి ఆయన చెంపకు కొలిచి చెక్కిన మడమ.
గొళ్లెం గూడ ఎడమ దిక్కే.

హన్మకొండల గన్నుల దుకాణం ముసలాయన
గొట్టం మీది అంకెలు కొనగోటితో తడిమి
అద్దాలు తీసి తుడుసుకున్నడు.
"ఈ తూటా ఇప్పుడెవ్వలు చేస్తలేరు బిడ్డా,
చేసిన కంపెనీయే మన్నైంది."

ఉన్నయి మూడే,
అత్తమ్మ వక్కల డబ్బల, చిలుమెక్కి.
పేలుతయో లేదో.
ఒకటి పేల్చి చూస్తె తెలుస్తది,
అప్పుడు రెండే ఉంటయి.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా
ములుగు ఠాణల జమ చెయ్యాల్నట.
నోట్లె పండ్లు లేనిదానికి రశీదు!

ఇద్దరు కొడుకులుండంగ
దీనికెందుకు రాసిండని ఇంటినిండ గుసగుస.
నేను తలుపు దగ్గరికేసి
మడమ భుజానికి ఆనించిన.
నా చెంప దాంట్ల సరిగ్గ కూసున్నది.

ఎడమ చేత్తో బువ్వ తిన్నందుకు
నాయిన వాత పెట్టిన పొద్దు
మామ ఎవ్వల్నేమనలే.
తన కంచం తెచ్చుకోని
నా ఎదురుంగ కూసోని
ఎడమ చేత్తో కలిపిండు.