చెవితమ్మె

"చెవితమ్మె అంత మెత్తగా" అంది పుస్తకం,
నలభై మూడో పేజీ, పైనుంచి రెండో వరుస.
ఒక చెయ్యి పిండిలో, ఒక చెయ్యి చెవి మీద
వంటింట్లో నిలబడిపోయాడు డెస్మండ్ క్వాన్.
బయట హాలిఫాక్స్ రేవు మీద మంచు.

పడవ తాళ్లకు పదకొండు రకాల ముడులు వేసే వేళ్లకి
పలచటి పిండి బిళ్లకు కుచ్చిళ్లు పెట్టడం రాలేదు.
బొమ్మలో డంప్లింగుకి పద్దెనిమిది.
అతనిదానికి నాలుగు. అయిదో మడతకి చిరిగి
క్యాబేజీ, అల్లం బయటికి తొంగిచూశాయి.

లైబ్రరీ పుస్తకం. అంచున ఎవరిదో పెన్సిల్ రాత:
"నీళ్లు తక్కువ చెప్పాడు. నమ్మొద్దు."
కిందే, వేరే దస్తూరీలో:
"అంచు తడి చెయ్యి. తొందరేముంది?"
పేర్లు లేవు. ఈ ఊరివాళ్లే అయ్యుంటారు.

అంచు తడిపాడు.
మరిగే నీళ్లలో ముప్ఫై వేస్తే
మూతి విప్పనివి పంతొమ్మిది.
తక్కినవాటిని సూప్ అనుకుని తాగేశాడు,
నిలబడే, గరిటెతోనే.

తెల్లారి మొదటి ఫెర్రీలో
తాడు విసరబోతుంటే టికెట్ల మొయిరా అడిగింది:
"చెవికేమైంది, తెల్లగా?"
తుడుచుకోబోయి, ఆగి,
ఇంకోసారి నొక్కి చూసుకున్నాడు.
అవును,
నిన్నటి పిండి గట్టిదే.